నూట నలభై మూడో పేజీ

పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఆ ఇంట్లో ఎవరైనా ఖుర్షిదా రాసిన పుస్తకం కావాలని అడగడం అదే మొదటిసారి.

ఆదివారం పొద్దున, గుంటూరులో వాళ్ల ఫ్లాటు వెనక బాల్కనీలో పాత చీర పరుచుకుని, ఏడాది కారానికి మిరపకాయల తొడిమలు తీస్తోందామె. రేగడిపాలెం నుంచి బావగారు ఇలియాస్ పంపిన కాయలు. ఘాటుకి ముక్కు కారుతోంది. గోళ్ల సందుల్లో మంట మొదలై అరగంటైంది. దిద్దాల్సిన జవాబు పత్రాల కట్ట లోపల మంచం మీద పడి ఉంది. అది సాయంత్రానికి అవదని ఆమెకి తెలుసు. గుమ్మంలో పీట వేసుక్కూర్చున్న అత్తగారు మౌలాబీ, తీసిన కాయల్ని వేళ్లతో కెలికి చూసి, "తొడిమతో పాటు సగం కాయ పోతంది. పుస్తకాలు పట్టుకునే చేతులకి ఇయ్యేం తెలుస్తయ్" అంది.

అప్పుడే వాసిం వచ్చి బాల్కనీ తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు. "మన దర్గా గురించి నువ్వో పుస్తకం రాశావు కదా. ఎక్కడుంది?"

ఖుర్షిదాకి సంతోషమేసింది. ఆ సంతోషం గుర్తొచ్చినప్పుడల్లా తరవాత చాలా రోజులు ఆమెకి ఒళ్లు మండేది. అడగ్గానే లేచి, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని, స్టూలెక్కి, అటక మీద కుక్కరు పెట్టెల వెనకనుంచి పుస్తకం తీసి, కొంగుతో దుమ్ము తుడిచి మరీ మొగుడి చేతికిచ్చింది. అది అచ్చయి వచ్చిన రోజున యూనివర్సిటీలో చిన్న సభ జరిగింది. వాసింకి ఆ రోజు పురుగుమందుల డీలర్ల మీటింగు ఉంది. "నువ్వెళ్లొచ్చెయ్, ఫోటోలు చూస్తాలే" అన్నాడు. ఫోటోలూ చూడలేదు. ఇంటికొచ్చిన చుట్టాలెవరైనా, అమ్మాయి యూనివర్సిటీలో ఏం చెప్తుంది బాబూ అని అడిగితే, ఆమె నోరు తెరిచేలోపు అతనే అందుకునేవాడు. "దేవుళ్ల సబ్జెక్టు లెండి. ఏం రాసినా మార్కులు పడతయ్." చుట్టాలు నవ్వేవాళ్లు. ఆమె ఖాళీ గ్లాసులు ఏరుకుని లోపలికి పోయేది.

వాసిం మొదటి పేజీ కూడా చూడలేదు. బొటనవేలు తడి చేసుకుంటూ గబగబా తిప్పాడు. "నూట నలభై మూడు... ఆ, ఇదే" అని పైకి చదివాడు.

"దూది సాహెబు దర్గా సేవ అయిదు తరాలుగా తండ్రి నుంచి కొడుక్కి సంక్రమిస్తూ వచ్చింది. హుసేను, దస్తగిరి, పెంటు సాహెబు, ఖాసిం, ప్రస్తుతం మాబు. కుటుంబంలోని స్త్రీలు ఊడవడం, అలకడం వంటి పనుల్లో సహాయపడతారు."

చదివి పుస్తకం మూశాడు. "చాలు. అన్నయ్య లాయరు చెప్పింది ఇదే. గురువారం దర్గా దగ్గరికి విచారణకి వక్ఫ్ ఆఫీసరొస్తున్నాడు. ముజావరుగా అన్నయ్య పేరు రాయించాలి. నువ్వొచ్చి, ఇది నేనే రాశాను, నిజమే అని ఒక్క ముక్క చెప్తే అయిపోద్ది."

"మరి చిన్నత్త?" అంది ఖుర్షిదా. మామగారి తమ్ముడి భార్య కరీమున్, దర్గా పక్క గదిలో ఉంటూ రోజూ దీపం పెట్టేది ఆవిడే.

"చిన్నమ్మని ఎవరన్నా రోడ్డు మీద పడేస్తన్నారా? ఊళ్లో మనింట్లో వెనక గది ఖాళీగానే ఉంది. ఉంటది, తింటది. ఆవిడ గది తీసేస్తే అక్కడ పెద్ద హాలు కట్టొచ్చు. గురువారాలు జనం ఎండలో నిలబడుతున్నారు."

"దీపమెవరు పెడతారు?"

"అన్నయ్య పెడతాడు. మగాడు పెట్టకూడదా?"

ఇలియాస్ తొమ్మిదింటికి ముందు నిద్ర లేచినట్టు ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు. ఖుర్షిదా వేరే ఏదో వింటోంది. వాసిం మగవాళ్ల పేర్లు చదివినప్పట్నించీ, వాటి కిందనుంచి ఆమె తలలో ఇంకో వరస దానంతటదే నడిచిపోతోంది. హుసేనమ్మ చేతి నుంచి పీరమ్మ చేతికి, పీరమ్మ చేతి నుంచి ఫాతిమమ్మ చేతికి, ఫాతిమమ్మ చేతి నుంచి సైదాబీ చేతికి, సైదాబీ చేతి నుంచి కరీమున్ చేతికి.

రేగడిపాలెం పరుచూరు వైపు నల్లరేగడి చేల మధ్య ఉంటుంది. ఆ దర్గాలో ఉన్నాయనకి ఏదో పెద్ద పేరే ఉంది గాని, రైతులకి ఆయన దూది సాహెబు. పత్తి మొదటి తీత తీసిన రోజున, ఏ కులంవాళ్లయినా ఏ మతంవాళ్లయినా, ఒక గుప్పెడు పత్తి తెచ్చి దర్గా గడపలో ఇస్తారు. ఆ పత్తి గింజ తీసి, దూది ఏకి, వత్తులు చేసి రోజూ దీపం పెడతారు. దీపం పెట్టేవాళ్లే ముజావరు. ఉరుసు ముందు రోజు ఇంటి ఆడవాళ్లందరూ కరీమున్ గదిలో చేరి నలభై వత్తులు చేస్తారు. మొదటి వత్తి మోకాలి మీద పెట్టి నలిపే ముందు ఆ పేర్లు చెప్పుకోవాలి. చేతి వరస అంటారు దాన్ని. కొత్త కోడలికి మొదటి ఏడాదే నేర్పేస్తారు. ఖుర్షిదా కూడా నేర్చుకుంది. ఇరవై ఉరుసుల్లో ఇరవైసార్లు చెప్పింది. చెప్పి, బయటికొచ్చి, నోటుబుక్కు తీసుకుని, అరుగు మీద కూర్చున్న మగవాళ్లని అడిగింది ఈ దర్గా చరిత్ర ఏమిటని.

మళ్లీ కాయల ముందు కూర్చుంది గాని చేతులు ఆగిపోయాయి. మతాల చరిత్ర చదివి, దాన్నే పాఠం చెప్పి, దాని మీదే బతుకుతున్న మనిషికి, ఆ వరస చరిత్ర అని ఇన్నేళ్లలో ఒక్కసారి తట్టలేదు.

"ఆ కాయలట్టా వదిలేస్తే మెత్తబడతయ్" అంది మౌలాబీ.

ఖుర్షిదా ఒంగోలు దగ్గర ఒక పల్లెలో పుట్టింది. తండ్రి పరుపులు కుట్టేవాడు, ఆయన తండ్రి దూదేకేవాడు. ఊరి బళ్లో చదివి, బస్సు మీద కాలేజీకి పోయి, ఎమ్మేలో మొదటి ర్యాంకు తెచ్చుకుంది. ఆమెకి ఇష్టమైనది బౌద్ధం. ఈ కృష్ణ ఒడ్డునే, ఈ మిరప చేల కిందే, రెండు వేల ఏళ్ల కిందటి స్తూపాల రాళ్లున్నాయి. ఆ రాళ్ల మీద దానమిచ్చిన ఆడవాళ్ల పేర్లు చెక్కి ఉన్నాయి. ఫలానా ఆమె, ఫలానా ఆమె కూతురు, ఫలానా భిక్షుణి. అవి చదువుతుంటే ఆమెకి చిన్నప్పుడు పండగ ముందు రోజు ఉన్నట్టుండేది. ఉద్యోగంలో చేరిన రోజున అప్పటి హెడ్డు, "ఇస్లాం పేపరు మీరు తీసుకోండి మేడం. మీవాళ్లది మీరు చెప్తేనే బాగుంటుంది. మిగతావి మేం చూసుకుంటాం" అన్నాడు. బౌద్ధం పేపరు చెప్పడానికి ఆమెకి ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్లూ ప్రతి సెమినారులో స్వాగతోపన్యాసం ఆమెది, అతిథుల భోజనాల ఏర్పాటు ఆమెది. పేపరు చదివే వంతు భోజనాల తరవాత, హాల్లో సగం కుర్చీలు ఖాళీ అయ్యాక వచ్చేది. ఇటు మసీదు పెద్దలొకరు ఇంటికొచ్చి, "ఆడమనిషి దీన్ గురించి, మతం గురించి అంతంత రాయడం ఎందుకు వాసిం" అని అతనికి చెప్పి వెళ్లారు, ఆమె పక్క గదిలోనే ఉండగా. అక్కడ ఆమె మరీ సాయిబుల మనిషి, ఇక్కడ మరీ చదువుకున్న మనిషి. ఇంట్లో సరేసరి.

ఇవన్నీ ఆమెకి తెలిసిన కోపాలే. పాత చెప్పు కరిచినట్టు అలవాటైపోయిన కోపాలు. ఈ ఆదివారం నాటిది వేరు. ఇది ఎవరి మీద చూపించాలో తెలియక చేతుల మంటతో కలిసి ఆ రోజంతా అట్లాగే రగిలింది.

సోమవారం డిపార్టుమెంటులో తన బీరువా అడుగునుంచి పాత క్యాసెట్లు తీసింది. స్టోరు గదిలో ఒక టేప్ రికార్డరు ఇంకా పనిచేస్తోంది. మామగారు మాబు సాహెబుతో మాట్లాడిన టేపు. పెళ్లయిన కొత్తలో, పీహెచ్‌డీ సగంలో ఉండగా రికార్డు చేసింది. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. మధ్యాహ్నం క్లాసు లేదు. తలుపు దగ్గరికి వేసి మీట నొక్కింది.

"మా నాయన దసరా ఎల్లగానే దూదేకే విల్లు భుజానేసుకుని పొయ్యేవాడమ్మా" అన్నాడు మాబు సాహెబు, బతికున్నట్టే గొంతు సవరించుకుని. "అద్దంకి, కందుకూరు, కనిగిరి, ఊళ్లెంబడి తిరిగి ఉగాదికి కొంపకొచ్చేవాడు. మా తాతా అంతే. మా ముత్తాతా అంతే."

ఆ తరవాత పది నిమిషాలకి అదే గొంతు, అదే ధీమాతో, "దర్గాలో దీపం మా తాత, మా నాయన, నేను. ఒక్క రోజు తప్పలేదు" అంది.

ఖుర్షిదా టేపు ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ విన్నది. మొదటి ముక్క ఆమె పుస్తకంలో మూడో అధ్యాయంలో ఉంది, దూదేకులవాళ్ల వృత్తి గురించి రాసినచోట. రెండోది నూట నలభై మూడో పేజీలో ఉంది. ఏడాదిలో ఆర్నెల్లు ఊళ్లో లేని మగవాళ్లు రోజూ దీపం ఎట్లా పెట్టారని ఆమె అడగలేదు. ఆమె థీసిస్ దిద్దిన ముగ్గురు ప్రొఫెసర్లూ అడగలేదు. బీయే మొదటి ఏడాది పిల్ల ఎవరైనా అడిగి ఉండేది.

టేపు ముందుకి నడిచింది. గ్లాసుల చప్పుడు. ఎవరో టీ తెచ్చారు. దూరంగా ఒక ఆడగొంతు, కరీమున్‌ది. "అదేంది బావగారూ, దీపం పెట్టింది మా అత్త గదా. ఆమెకి ఫాతిమమ్మ..."

"నిన్నెవరడిగారు?" అన్నాడు మాబు సాహెబు.

టేపు గరగర. తరవాత ఇంకో గొంతు, పడుచు గొంతు, మర్యాదగా, మెత్తగా, ఎంతో బాగా చదువుకున్న గొంతు. "పర్లేదు చిన్నత్తా. నేను మామయ్యగార్ని అడుగుతున్నాను. మీరు లోపలికెళ్లండి."

ఖుర్షిదా ఆ గొంతుని గుర్తుపట్టడానికి ఇష్టపడలేదు. కాని అది ఆమెదే. ఇరవై ఏళ్లుగా మొగుణ్నీ అత్తనీ హెడ్డునీ ఏ మాటకామాట మనసులో పోగేసుకుంటూ వచ్చింది. ఇంట్లో తన మాట మధ్యలో తుంచేసిన వాళ్ల పేర్లన్నీ చెప్పగలదు. ఒక ఆడమనిషి తన ఇంటి చరిత్ర తనే చెప్పబోతే, ఆమెని వంటింట్లోకి పంపినవాళ్లలో తను కూడా ఉందని మాత్రం గుర్తులేదు. మామగారు కసురుకున్నాడు, అంతే. తను రికార్డరు పెట్టుకుని, పెన్ను పట్టుకుని, చదువు పేరుతో పంపింది. ఆయన కసురు ఆ అరుగు మీదే పోయేది. తన రాత అచ్చయి, లైబ్రరీల్లో చేరి, లాయరు చేతికొచ్చింది.

సాయంత్రం హెడ్డు చైతన్యకృష్ణ గదికెళ్లి సంగతి చెప్పింది. ఆమెకంటే ఆరేళ్లు చిన్న, ఆమెకంటే ముందు ప్రొఫెసరయ్యాడు. అంతా విని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మేడం, వచ్చే నెల మీ ప్రొఫెసరు ప్రమోషన్ ఇంటర్వ్యూ. మీ ఫైల్లో పుస్తకమంటూ ఉంది అదొక్కటే. అది తప్పని మీరే పోయి స్టేట్‌మెంటిస్తారా? ఇంటర్వ్యూ బోర్డులో ఎవరికన్నా తెలిస్తే మొదటి ప్రశ్న అదే."

"తప్పని తేలింది కదండీ."

"ఏం తేలింది? వత్తులు చేసేటప్పుడు ఆడవాళ్లు ఏవో పేర్లు అనుకుంటారు. బాగుంది, కావాలంటే జానపదం వాళ్లకివ్వండి, ఆర్టికల్ చేసుకుంటారు. మనది చరిత్ర. ఇంటి గొడవలు ఇంట్లో తేల్చుకోవాలి గాని, రికార్డు పాడు చేసుకుంటారా ఎవరన్నా?"

ఆమె లేచి వచ్చేసింది. కారిడార్లో నడుస్తుంటే తన క్లాసు గుర్తొచ్చింది. ప్రతి ఏడాదీ జూలైలో ఆమె చెప్పే మొదటి పాఠం అదే: ప్రవక్త మాట ఒకటి నమ్మాలంటే, ఎవరు ఎవరి నోట విన్నారు, ఆ వరసలో ఒక్క పేరైనా తెగిందా అని పండితులు వందల ఏళ్లు ఎట్లా వెతికారో. మగవాళ్లు నోటితో చెప్పుకున్న వరసకి అంత శాస్త్రం ఉంది. ఆడవాళ్లు చేత్తో పట్టుకొచ్చిన వరస జానపదం.

బుధవారం రాత్రి భోజనాల దగ్గర వాసిం, "రేపు ఆ నీలం చీర కట్టుకో. ఆఫీసరు ముందు కొంచెం ప్రొఫెసర్లాగ కనపడాలి" అన్నాడు.

ఆమె కూర గిన్నె అతని వైపు జరిపింది. మామూలుగానే జవాబు చెప్పదు కాబట్టి అతను పట్టించుకోలేదు.

గురువారం దర్గా ముందు షామియానా వేశారు. ప్లాస్టిక్ కుర్చీలు మగవాళ్లకి, గోడ పక్క పట్టాలు ఆడవాళ్లకి. విచారణకొచ్చిన ఆఫీసరు నెమ్మదైన మనిషి, ముందున్న కాగితాలు సర్దుకుంటూ చెమట తుడుచుకుంటున్నాడు. ఇలియాస్ తెల్ల లాల్చీ వేసుకుని లాయరు పక్కన కూర్చున్నాడు. దర్గాని ఆనుకుని ఉన్న రేకుల గది గుమ్మంలో కరీమున్ నేల మీద కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి, బక్కగా, ముక్కుపుడక తప్ప ఇంకేమీ లేకుండా. పెళ్లయిన నాలుగేళ్లకే మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఎవరి వైపూ చూడటం లేదు. పక్కనున్న దూది తుంచుకుని మోకాలి మీద వత్తి చేస్తోంది, ఈ జనమంతా తనకేమీ కానట్టు.

"ప్రొఫెసర్ గారూ, ఇటు రండి" అన్నాడు ఆఫీసరు.

"అసోసియేట్ అండి, ఇంకా ప్రొఫెసరు కాలేదు" అని సరిదిద్దాడు ఇలియాస్. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

ఆఫీసరు పుస్తకం తెరిచి, లాయరు గీత గీసిన చోట చదివాడు. అదే పేజీ, అవే పేర్లు, అదే "సహాయపడతారు". "ఇది మీరు రాసిందేనా?"

"నేనే రాశానండి."

"ఇందులో ఉన్నది నిజమేనా?"

"కాదండి. తప్పు రాశాను."

షామియానా కింద ఒక్కసారిగా గుసగుసలు లేచాయి. వాసిం సగం లేచి, చుట్టూ చూసి, మళ్లీ కూర్చున్నాడు. లాయరు చిరునవ్వుతో, "మేడం, మీ పరిశోధనకి యూనివర్సిటీ డాక్టరేట్ ఇచ్చింది. అచ్చయి పదిహేనేళ్లయింది. ఇవాళ తప్పెట్టా అయింది?" అన్నాడు.

"అప్పుడూ తప్పే. ఇవాళ ఒప్పుకుంటున్నాను" అంది ఖుర్షిదా. "దసరా నుంచి ఉగాది దాకా ఈ ఇంటి మగవాళ్లు దూదేకడానికి ఊళ్లు పట్టుకుని పోయేవాళ్లు. మా మామగారే చెప్పారు, టేపు తెచ్చాను. ఆ ఆర్నెల్లూ ఇక్కడ దీపం ఆగలేదు. పెట్టింది ఈ ఇంటి కోడళ్లు. అత్త చేతి నుంచి కోడలి చేతికొచ్చింది. హుసేనమ్మ, పీరమ్మ, ఫాతిమమ్మ, సైదాబీ, కరీమున్. నేను రాసిన మగవాళ్లలో మొదటి నలుగురూ వీళ్ల భర్తలు. కడపటి ఆయన మా మామగారు, సైదాబీ పెద్దకొడుకు."

"చూశారా సార్" అన్నాడు ఇలియాస్, కుర్చీలోనే ఆఫీసరు వైపు తిరిగి. "కాయితం మీదున్నది తప్పంట, ఆడోళ్ల నోటిమాట కరెక్టంట. ఏమ్మా ఖుర్షిదా, ఇంటి కోడలివి, నిన్నింత చదువుకోనిచ్చింది ఇందుకేనా?"

"బావగారూ, మామయ్య చెప్పింది కూడా నోటిమాటే. దాన్ని కాగితం చేసింది నేను. ఆ రోజు నేను పెన్ను ఆయన వైపు కాకుండా చిన్నత్త వైపు తిప్పి ఉంటే, ఇవాళ మీ లాయరు చేతిలో చిన్నత్త కాగితం ఉండేది."

ఆఫీసరు రాసుకుంటున్నవాడల్లా తలెత్తి చూశాడు. "ఈ పేర్లు ఇంకెవరికన్నా తెలుసా అమ్మా? మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా?"

ఖుర్షిదా అత్తగారి వైపు తిరిగింది. మౌలాబీ పట్టా అంచున కూర్చుని ఉంది. యాభై ఉరుసుల్లో ఆ వరస చెప్పిన మనిషి. సైదాబీ తన పెద్ద కోడలైన ఆమెని కాదని చిన్న కోడలికి దీపమిచ్చిందన్న కడుపుమంట ఆమెకి ఈ రోజుకీ ఉంది. ఎదురుగా పెద్దకొడుకు ఉన్నాడు. "నాకేం తెల్దు. నేను ఇంటిపని చూసుకునేదాన్ని" అని మౌలాబీ కొంగు మొహమ్మీదికి లాక్కుంది.

ఇలియాస్ మీసం దువ్వుకున్నాడు.

అప్పుడు గోడ చివరనుంచి ఒక పెద్దావిడ లేచింది. కోటిరత్నం. ఊరి పడమర చేల రైతు. ఏటా పత్తి మొదటి గుప్పెడు తెచ్చేవాళ్లలో అందరికంటే ముందొచ్చే మనిషి. "వాళ్లింటి సంగతి వాళ్లకి తెలవకపోతే పోయె, మా పత్తి ఎవరి చేతిలో పెట్టామో మాకు తెలవదా సారూ" అంది, కూర్చున్నవాళ్లందరికీ వినపడేట్టు. "మా పెద్దత్త పీరమ్మకిచ్చింది. మా అత్త ఫాతిమమ్మకిచ్చింది, ఆమె పోయినాక సైదాబీకిచ్చింది. నేనొచ్చిన కాడ్నించీ కరీమున్నే. ఒక్కేడన్నా నీ చేతిలో పెట్టానా ఇలియాసూ? పోనీ మీ నాయన చేతిలో పెట్టానా? అట్టా గడపలో నిలబడి అడగను కూడా అడగలేదు గదయ్యా మీరు."

"అవును" అంది ఇంకో రైతు ఇల్లాలు. తరవాత మరొకామె. వాళ్లెవరికీ చేతి వరస రాదు. ఇచ్చిన చేతులు వాళ్లవి, పుచ్చుకున్న చేతులు వాళ్లకి గుర్తున్నాయి. వేరే ఇళ్లల్లో, వేరే మతంలో, ఎవరూ నేర్పకుండానే అవే పేర్లు అదే వరసలో దాచి ఉన్నాయి. అంతకంటే గట్టి సాక్ష్యం తన ఉద్యోగంలో ఏ రాయి మీదా ఖుర్షిదాకి దొరకలేదు. దాని కోసం ఆమె ఎవరింటికీ వెళ్లి అడగలేదు కూడా.

ఆఫీసరు అందరి మాటలూ రాసుకున్నాడు. నిర్ణయం పైనుంచి వస్తుందని, అది తేలేదాకా దీపం, గది కరీమున్‌వేనని, ఎవరూ రేకు కూడా కదపడానికి వీల్లేదని చెప్పి సంతకాలు తీసుకుని వెళ్లిపోయాడు.

వాసిం ఆమెని చింత చెట్టు వెనక్కి పిలిచాడు. మొహం ఎర్రగా ఉంది. "పదిమందిలో మా పరువు తీశావు. ఉద్యోగం చెయ్యనిచ్చానే, అదీ నా తప్పు. రేపు మీ యూనివర్సిటీలో ఏం మొహం పెట్టుకుని తిరుగుతావు? రాసింది తప్పని నువ్వే చెప్పుకున్నాక నిన్నెవడు నమ్ముతాడు?"

ఈసారి ఆమె తల దించలేదు. అతనే చూపు తిప్పుకున్నాడు.

"అమ్మని తీసుకుని అన్నయ్య కార్లో వెళ్తున్నా. నువ్వు బస్సులో రా."

కారు దుమ్ము లేపుకుంటూ పోయింది. షామియానా విప్పుతున్నారు. ఖుర్షిదా చెప్పులు విడిచి కరీమున్ గుమ్మం ముందు నిలబడింది. ఆమె దేనికోసమో ఎదురుచూసింది. ఏమిటో తనకే తెలియదు. చెయ్యి పట్టుకుంటుందనా, ఏడుస్తుందనా, నువ్వు నా కూతురివమ్మా అంటుందనా.

కరీమున్ వత్తి చివర మెలేసి పళ్లెంలో పెట్టింది. ఇంకో దూది తుంచింది.

"ఇరవై ఏళ్లు పట్టిందా?" అంది.

ఖుర్షిదా పళ్లెంలో వత్తుల వైపు చూసింది.

"ఇయ్యాల మంచిగా చెప్పావు, కాదన్ను. నా గది నిలబెట్టావు. అసలు నువ్వా ముక్క రాయకపోతే దీన్ని కూలగొట్టే ధైర్యం వాడికెక్కణ్ణించి వచ్చేది? ఇలియాసు పలకా బలపం పట్టినోడు కాదు. నా నోరు కొట్టడానికి వాడికి నీ చదువు కావాల్సొచ్చింది." కరీమున్ గొంతు పెంచలేదు. వత్తి నలుపుతున్న అరచెయ్యి మాత్రం గట్టిగా కదిలింది. "టీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డానే నేను. చెప్తానంటే వద్దన్నావు. 'పర్లేదు చిన్నత్తా, నేను మామయ్యగార్ని అడుగుతున్నాను, మీరు లోపలికెళ్లండి.' ఎంత మర్యాదగా అన్నావు. బావ తిట్టింది ఆ పూటకే మర్చిపోయా. ఆయన ఎప్పుడూ అంతే. నీ మాట మాత్రం మర్చిపోలేదు. ఈ ఇంట్లోకి మొదటిసారి చదువుకున్న ఆడపిల్ల వచ్చింది, మన మాట రాసుద్ది అనుకున్నా."

అక్షరం పొల్లుపోలేదు. ఆ టేపు తన బీరువాలో మాత్రమే ఉందని ఖుర్షిదా అనుకుంటూ వచ్చింది.

ఖుర్షిదా కట్టుకున్న నీలం చీరతోనే దుమ్ములో, గుమ్మం బయట నేల మీద కూర్చుంది. క్షమించమని అడగబోయి ఊరుకుంది. అడిగితే, పోనీలే అమ్మా అని చిన్నత్త అనాల్సి వస్తుంది. ఆ చాకిరీ కూడా ఆమె చేత చేయించడం ఇష్టం లేకపోయింది.

గురువారపు జనం మొదలైంది. ఎవరో వచ్చి గడప దగ్గర దండం పెట్టుకుని పోతున్నారు.

ఖుర్షిదా ఫోను తీసి చైతన్యకృష్ణకి మెసేజి పెట్టింది. ఇంటర్వ్యూకి వస్తున్నానని, ఆ పుస్తకాన్ని ఫైల్లోంచి తీయొద్దని, బోర్డు ముందు నూట నలభై మూడో పేజీ తనే తెరుస్తానని రాసింది. పంపించి ఫోను పక్కన పెట్టేసింది. జవాబు కోసం చూడలేదు.

"మళ్లీ పుస్తకం రాస్తావా ఏంది?" అంది కరీమున్, ఫోను వైపు చూస్తూ.

"రాస్తాను."

"ఎక్కణ్ణించి మొదలుపెడతావు? హుసేనమ్మ కాడ్నించా?"

"కాదు చిన్నత్తా. నేను మిమ్మల్ని లోపలికి పంపిన కాడ్నించి."